తుంటి నరం నేర్పిన పాఠం

నర్సింగ్ కోర్సులో చేరిన కొత్తలో శరీర నిర్మాణ శాస్త్రాన్ని నేను పేర్ల జాబితాగానే చదివాను. పెద్దవారిలో 206 ఎముకలు, ఒక్క మణికట్టులోనే 8. రాత్రి వల్లించినవి తెల్లవారేసరికి సగం మరిచిపోయేదాన్ని. శరీర ధర్మ శాస్త్రం కొంత నయం, అక్కడ ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, దాదాపు అంతటినీ తిరిగి రక్తంలోకి పంపి, ఒకటిన్నర లీటరు వరకు మాత్రమే బయటికి విడుస్తాయని చదివాక, రోగి మూత్రాన్ని కొలిచి చార్టులో రాయడాన్ని చాకిరీగా భావించడం మానేశాను.

అసలు పాఠం మాత్రం ఇంజెక్షన్ అభ్యాసం రోజున అందింది. బొమ్మ పిరుదుపై నేను సూది గుచ్చబోయిన చోటు బాగా మధ్యకు జరిగి ఉండటం చూసి, మేడమ్ నా చేయి పట్టుకుని ఆపి, "దీని కింద ఏముందమ్మా?" అని అడిగారు. ముందురోజే పరీక్షలో తుంటి నరం, అంటే సయాటిక్ నరం, సాగే దారిని పటం గీసి మంచి మార్కులు తెచ్చుకున్న నేను నోరు మెదపలేకపోయాను. (బొమ్మకు నొప్పి తెలియదు కనుక సరిపోయింది.) ఆ సాయంత్రం పుస్తకం మూసేసి, తుంటి ఎముక అంచును వేళ్లతో తడుముతూ, ఆ నరం ఎటుగా దిగుతుందో నా ఒంటిమీదే వెతుక్కున్నాను.