గడ్డ పక్కన ఏముంది?

నాకు లివర్ క్యాన్సర్ రెండుసార్లు వచ్చింది. మొదటిసారి గడ్డలోకి సూది గుచ్చి రేడియోఫ్రీక్వెన్సీ అనే కరెంటుతో కాల్చారు, మూడేళ్ల తర్వాత వచ్చినదాన్ని మైక్రోవేవ్ తరంగాలతో. ఈ సంగతి తెలిసిన ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే: "రెండూ చేయించుకున్నారు కదా, ఏది మంచిది?" ఆ ప్రశ్న నేనూ అడిగాను, మా అబ్బాయీ అడిగాడు. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు లివర్‌ను దెబ్బతీసే వైరస్, హెపటైటిస్ బి ఉందని తెలిసింది కడుపుతో ఉన్నప్పుడు. బాబు పుట్టిన రోజే వాడికి టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ వేశారు. వాడికి రాలేదు. నా సంగతి మాత్రం నేను పట్టించుకోలేదు. ఒంట్లో బాగానే ఉంది కదా, పరీక్షలెందుకు అనుకుంటూ 20 ఏళ్లు గడిపేశాను. చివరికి సిరోసిస్ అని తేలింది, అంటే లివర్ మచ్చలు పడి గట్టిపడిపోవడం. అప్పటి నుంచి రోజూ వైరస్‌ను అణిచే టెనోఫోవిర్ మాత్ర, 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్, లివర్ క్యాన్సర్ జాడ కోసం ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష.

మొదటి గడ్డ అలాంటి ఒక మామూలు స్కాన్‌లోనే దొరికింది. 1.8 సెంటీమీటర్లు. నొప్పి లేదు, కామెర్లు లేవు, ఆకలి బాగానే ఉంది. సీటీ తీస్తే, ఎక్కించిన మందు ముందుగా ఆ మచ్చలోకే చేరి తెల్లగా మెరిసింది, కాసేపటికి చుట్టూ ఉన్న లివర్ కన్నా నల్లబడిపోయింది. సిరోసిస్ ఉన్నవాళ్లలో ఇలా కనిపిస్తే చాలాసార్లు బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం) లేకుండానే క్యాన్సరని నిర్ధారిస్తారు. నాకూ అలాగే చెప్పారు. ఆ రాత్రి మా ఆయన, నేను ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నాం.

ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేయవచ్చు కదా అన్నాం. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు నాకు 78,000 మాత్రమే, తక్కువ. లివర్‌లోకి వెళ్లే సిరలో ఒత్తిడి పెరిగి ఉంది. కోస్తే మిగిలిన లివర్ తట్టుకోలేకపోవచ్చన్నారు. గడ్డ చిన్నది కాబట్టి అబ్లేషన్ సరిపోతుంది, అంటే సూది గుచ్చి అక్కడికక్కడే చంపడం.

మా అబ్బాయి రెండు రాత్రులు నిద్ర మానుకుని ఒక నోటుబుక్కు నింపాడు. రేడియోఫ్రీక్వెన్సీ, మైక్రోవేవ్, క్రయో (గడ్డకట్టించి చంపడం), ఆల్కహాల్ ఇంజెక్షన్, కరెంటు పల్సులు... ఒక్కోదానికి ఒక్కో పేజీ. ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్, అంటే స్కాన్‌లో చూస్తూ సూదితో చికిత్స చేసే డాక్టరు ముందు కూర్చుని అన్నీ అడిగాడు. ఆయన ఓపికగా విని, ఆ నోటుబుక్కే తీసుకుని చివరి పేజీలో లివర్ బొమ్మ గీశారు. "ఏ మెషిన్ అని తర్వాత చూద్దాం బాబూ. ముందు గడ్డ పక్కన ఏముందో చూడు" అన్నారు. నా గడ్డ కింది వైపు అంచున, ఆరో సెగ్మెంట్‌లో (డాక్టర్లు లివర్‌ను విభజించే భాగాల్లో ఒకటి) ఉంది. దాన్ని ఆనుకున్నట్టుగా పెద్దపేగు. లివర్‌ను కాలిస్తే మళ్లీ కోలుకుంటుంది, పేగుకు చిల్లు పడితే ప్రాణం మీదికి వస్తుంది.

అందుకని గడ్డకీ పేగుకీ మధ్య సన్నటి సూదితో నీళ్లు నింపి పేగును పక్కకు జరిపారు. అది సెలైన్ (ఉప్పునీళ్లు) కాదు, డెక్స్‌ట్రోజ్ అనే చక్కెర నీళ్లు. రేడియోఫ్రీక్వెన్సీ అంటే ఒంట్లోంచి కరెంటు పోవడమే, ఉప్పునీళ్లయితే ఆ కరెంటును పేగు దాకా మోసుకుపోతాయి. ఇంత చిన్న విషయం మీద ఇంత ఆధారపడి ఉంటుందని విన్నప్పుడు భయం వేసింది, వీళ్లు అన్నీ ఆలోచించారన్న ధైర్యమూ వచ్చింది.

రెండు తొడలకూ చల్లటి, జిగురు జిగురుగా ఉండే ప్యాడ్లు అంటించారు. సూది కొన నుంచి బయల్దేరిన కరెంటు ఆ ప్యాడ్ల దగ్గర బయటికి పోతుంది. మత్తు కొంచెమే ఇచ్చారు. "శ్వాస తీసుకోండమ్మా, ఆపండి" అన్నప్పుడల్లా ఆపాను. స్క్రీన్ నాకు కనిపించే వైపే ఉంది. సూది కొన చుట్టూ తెల్లటి మబ్బు లాంటిది లేచి మెల్లగా గడ్డను కమ్మేసింది. కణజాలం వేడెక్కి పుట్టే బుడగలట అవి. 12 నిమిషాలు. పక్కటెముకల కింద లోలోపల మంట, పళ్లు బిగపట్టి ఓర్చుకునేంత. సూది లోపల చల్లటి నీళ్లు తిరుగుతూనే ఉంటాయి, ఎందుకంటే 100 డిగ్రీలు దాటి కణజాలం మాడితే కరెంటు ముందుకు పోదు. తర్వాత నాలుగైదు రోజులు సన్నగా జ్వరం, నీరసం. చచ్చిన కణాలను ఒళ్లు శుభ్రం చేసుకునేటప్పుడు అలా ఉంటుందన్నారు. నెలకు తీసిన సీటీలో గడ్డ ఉన్నచోట వెలుగన్నదే లేని నల్లటి గుండ్రం, గడ్డ కన్నా పెద్దది. చుట్టూ కనీసం 5 మిల్లీమీటర్ల మంచి లివర్ కూడా కలిపి కాల్చాలి, అప్పుడే అంచుల్లో మిగిలిపోదు.

ఆ తర్వాత రెండున్నరేళ్లు అన్నీ శుభ్రంగా వచ్చాయి. అక్కడే నేను తప్పు చేశాను. మా అత్తగారి అనారోగ్యం, ఇంట్లో పనులు, ఇంకేం రాదులే అన్న ధీమా. ఒక స్కాన్ వాయిదా వేశాను. 10 నెలల తర్వాత వెళితే ఇంకోచోట 2.6 సెంటీమీటర్ల కొత్త గడ్డ. గడ్డను కాల్చగలరు, అది మొలిచిన నేలను కాల్చలేరు. సిరోసిస్ అలాగే ఉంటుంది. అబ్లేషన్ అయినా ఆపరేషన్ అయినా ఐదేళ్లలో చాలామందికి మళ్లీ వస్తుంది. ఈ మాట నాకు మొదటే చెప్పారు. చెవిన వేసుకున్నాను, మనసున పెట్టుకోలేదు.

ఈసారి గడ్డ లివర్ పైభాగాన, డయాఫ్రం (ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొర) కింద, పెద్ద సిర పక్కన. అదే డాక్టరు గారు, అదే నోటుబుక్కు. గడ్డ పక్కన ఒక గొట్టం గీసి, "ఇందులో రక్తం ఆగకుండా పారుతూ ఉంటుంది. పారే నీళ్లు వేడిని లాక్కుపోయినట్టు, ఇది సూది వేడిని లాక్కుపోతుంది. ఆ వైపు అంచు సరిగా కాలక మిగిలిపోవచ్చు" అన్నారు. రేడియోఫ్రీక్వెన్సీకి ఈ ఇబ్బంది ఎక్కువ. మైక్రోవేవ్‌లో కరెంటు పోదు. తరంగాలు కణజాలంలోని నీటి అణువులను కుదిపేసి వేడి పుట్టిస్తాయి, త్వరగా, ఇంకా ఎక్కువగా. తొడల మీద ప్యాడ్లు అక్కర్లేదు. పూర్తి మత్తు ఇచ్చారు కాబట్టి నాకేమీ తెలియలేదు, కాల్చడం 6 నిమిషాల్లో అయిపోయిందని మా ఆయన చెప్పారు. కానీ లేచాక కుడి భుజం విపరీతంగా నొప్పి పెట్టింది. గుండెపోటేమో అని మా వాళ్లకు టెన్షన్. డయాఫ్రం దగ్గర కాలిస్తే నొప్పి భుజంలో తెలుస్తుందట, రెండింటికీ నరాలు మెడలో ఒకే చోట నుంచి వస్తాయి కాబట్టి. వారం పట్టింది తగ్గడానికి. చెప్పాలంటే రెండోదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అంతమాత్రాన మైక్రోవేవ్ చెడ్డదనలేను, నా గడ్డ అక్కడుంది.

వార్డులో పక్క బెడ్ పెద్దాయనకు గడ్డ పిత్తనాళాన్ని, అంటే పైత్యరసం పోయే గొట్టాన్ని ఆనుకుని ఉంది. ఆయనకు ఏ వేడీ పనికిరాదు, నాళం కాలితే మూసుకుపోతుంది. అందుకని సన్నటి సూదితో ఆల్కహాల్ ఎక్కించారు, విడతలు విడతలుగా. "పాత పద్ధతి అమ్మా, నాకే ఎందుకు చేస్తున్నారో" అని దిగులుపడేవారు. మొత్తంగా చూస్తే ఆల్కహాల్ కన్నా రేడియోఫ్రీక్వెన్సీ తర్వాత గడ్డ అదే చోట తిరిగి రావడం తక్కువన్నది నిజమే. ఆయన గడ్డ ఉన్నచోటికి మాత్రం ఆ పాతదే నయం. మా అబ్బాయి తన నోటుబుక్కు తెచ్చి ఆ చివరి పేజీ ఆయనకు చూపించాడు. చాలాసేపు చూశారు.

వాడు చదివినవాటిలో రేడియోఫ్రీక్వెన్సీనీ మైక్రోవేవ్‌నూ రోగుల్లో పోల్చిచూసిన అధ్యయనం ఒకటి ఉంది, 2018లో వచ్చింది. 4 సెంటీమీటర్ల లోపు గడ్డల్లో, రెండేళ్ల తర్వాత చూస్తే కాల్చినచోట గడ్డ తిరిగి పెరగడంలో రెండింటి మధ్య గట్టిగా చెప్పగలిగే తేడా తేలలేదు. అది చదివాక మాకు మనసు కుదుటపడింది. నన్నెవరైనా అడిగితే నేను ఇంకొన్ని ప్రశ్నలు అడగమంటాను: గడ్డ ఎన్ని సెంటీమీటర్లు, పక్కన రక్తనాళమా, పిత్తనాళమా, పేగా? చుట్టూ ఎంత అంచు కలుపుతారు? ఈ డాక్టరు చేతికి ఏ సూది బాగా అలవాటు?

ఇప్పుడు 3 నెలలకోసారి స్కాన్, ఒక్కటీ మానడం లేదు. మొన్నటి ఎమ్మారైలో రెండో గడ్డ కాల్చినచోటు ఇంకా నల్లగా, పెద్దగానే ఉంది. మొదటిది ముడుచుకుపోయి, చూపిస్తే గానీ కనిపించనంత చిన్న మచ్చయింది. డాక్టరు గారు పెన్ను కొన దాని మీద పెట్టి చూపించి, నోటుబుక్కులో తర్వాతి స్కాన్ తేదీ రాసి ఇచ్చారు.