ఆడగా చూశావా?

"ఈ 32 మంది ఆటగాళ్ళలో ఒక్కడినైనా ఆడగా చూశావా?" అని ఆయన అడిగినప్పుడు బ్రేక్ రూమ్‌లో నలుగురం ఉన్నాం, నా చేతిలో పెరుగన్నం డబ్బా ఉంది. 2022 ఏప్రిల్. పిట్స్‌బర్గ్ దగ్గర వాల్వులు తయారుచేసే ప్లాంట్‌లో, క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో చేరి అప్పటికి ఎనిమిది నెలలు. ఆయన మా నాన్నకన్నా పెద్ద, లేత్ మీద పనిచేస్తాడు. ఇక్కడ అందరినీ పేరు పెట్టే పిలవాలట, నాకు ఇప్పటికీ నోరు రాదు, సర్ అనేస్తాను.

విషయం ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ వాళ్ళది. కాలేజీల్లో ఆడిన కుర్రాళ్ళను 32 టీమ్‌లు వంతులవారీగా ఎంచుకుంటాయి. కిందటి సీజన్‌లో అట్టడుగున ఉన్న టీమ్‌ది మొదటి వంతు, సూపర్ బౌల్, అంటే ఫైనల్, గెలిచినవాళ్ళది ఆఖరు. మన కౌన్సెలింగ్‌ని తిరగేస్తే ఇదే: అక్కడ మొదటి ర్యాంకువాడు కాలేజీని ఎంచుకుంటాడు, ఇక్కడ వెనకబడ్డ కాలేజీ మొదటి ర్యాంకువాణ్ణి ఎత్తుకెళ్తుంది. మొదటి రౌండ్‌లో ఎవరు ఎవరిని తీసుకుంటారో ముందే రాసివ్వడం మా ప్లాంట్‌లో ఏటా ఉండేదే, మనిషికి ఐదు డాలర్లు.

నేను చాలా శ్రద్ధగా చేశాను. ఇండియానాపొలిస్‌లో కంబైన్ అని జరుగుతుంది, అక్కడ కుర్రాళ్ళకు అన్నీ కొలుస్తారు. 40 గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తాడు, 225 పౌండ్ల బరువు ఎన్నిసార్లు ఎత్తాడు, నిలబడ్డచోటి నుంచి ఎంత ఎత్తు ఎగిరాడు, చెయ్యి ఎంత పొడవు, చివరికి జాన ఎంత, బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా. ఇవన్నీ ఎక్సెల్‌లో పెట్టి, మార్కులు వేసి, ర్యాంకులిచ్చి, టీమ్‌లకు పంచాను. రెండు వీకెండ్లు పట్టింది. ఆయన ఆ కాగితం చూసి అడిగిన మొదటి మాట అది.

చూడలేదన్నాను. "మరి ఇది లిస్టు కాదు, తూకం చీటీ" అన్నాడు.

ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. ఆయనకు చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తాను. మాది ఖమ్మం జిల్లాలో చిన్న ఊరు, మమ్మల్ని 'ఆడగా' చూసినవాళ్ళు ఎవరూ లేరు. మా నాన్న ఎవరు, ఏం చేస్తాడు, ఎవరి సిఫార్సు ఉంది అని అడక్కుండా నాకు సీటు ఇచ్చింది ఎంసెట్ ర్యాంకు. ఆ తర్వాత క్యాంపస్ ఇంటర్వ్యూల్లో మనుషులు నన్ను కళ్ళారా చూశారు, రాత పరీక్షలో పైనున్న నన్ను గ్రూప్ డిస్కషన్‌లో ఇంగ్లీషు తడబడిందని మూడుసార్లు పక్కన పెట్టారు. కంటిమీద నాకెందుకు నమ్మకం ఉంటుంది? నంబరు దయ చూపించదు, నిజమే, కానీ మొహం చూసి తీసిపారేయదు కూడా. అయినా కళ్ళతో చూసినవాళ్ళంతా ఏం గొప్పగా చూశారు? 2000లో టామ్ బ్రాడీ అనే క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) ఆటల టేపులు అన్ని టీమ్‌ల దగ్గరా ఉన్నాయి, అతన్ని ఎత్తుకున్నది 199వ వంతులో. ఏడు సూపర్ బౌల్స్ గెలిచాడు.

ఏప్రిల్ 28 రాత్రి మొదటి రౌండ్. జాక్సన్‌విల్‌ది మొదటి వంతు. పెద్దాయన రాసింది మిషిగన్ కుర్రాడు ఏడన్ హచిన్సన్‌ని, ఆ సీజన్‌లో ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌ను 14 సార్లు కూలదోశాడు. నా ఎక్సెల్ చెప్పింది జార్జియా నుంచి ట్రావాన్ వాకర్ అని. అతను కూలదోసింది ఆరుసార్లే, కానీ 272 పౌండ్ల మనిషి 40 గజాలు 4.51 సెకన్లలో పరిగెత్తాడు. వాకర్ పేరే పిలిచారు. గదిలో ఒక్కణ్ణే లేచి నిలబడ్డాను, ఎంసెట్ రిజల్ట్స్ రోజు నిలబడ్డట్టు.

తర్వాత మా పిట్స్‌బర్గ్ టీమ్ స్టీలర్స్ వంతు, 20వది. ఆ జనవరిలోనే బెన్ రాథ్లిస్‌బర్గర్ రిటైరయ్యాడు, క్వార్టర్‌బ్యాక్ కావాలి. ఈ ఊళ్ళోనే, పిట్ యూనివర్సిటీలో ఆడిన క్వార్టర్‌బ్యాక్ కెన్నీ పికెట్ జాన ఎనిమిదిన్నర అంగుళాలని తేలినప్పటి నుంచి ఊరంతా అదే గోల, చిన్న చెయ్యి, చలిలో తడి బంతి జారిపోతుందని. నేను మొదటి రౌండ్‌లో అతని పేరే రాయలేదు. పెద్దాయన 20 దగ్గర అతన్నే రాశాడు, వాళ్ళు అతన్నే తీసుకున్నారు. పొద్దున వెళ్ళి ఎలా తెలిసిందని అడిగితే 1983 సంగతి చెప్పాడు. పిట్‌లోనే ఆడిన డాన్ మరీనోని స్టీలర్స్ వదిలేశారు, అతను 27వ వంతులో మయామీకి వెళ్ళి చరిత్ర రాశాడు. ఈ ఊరు ఆ తప్పు రెండోసారి చెయ్యదని ఆయన లెక్క. నా షీట్‌లో ఊరికి కాలమ్ లేదు.

పికెట్ రెండు సీజన్లు ఆడాడు, 2024లో అతన్ని ఫిలడెల్ఫియాకు ఇచ్చేశారు. కాబట్టి నేనూ తప్పు కాదని వాదించొచ్చు. చాలాకాలం మనసులో వాదించాను కూడా. అదే డ్రాఫ్ట్‌లో అందరికన్నా ఆఖరున, 262వ వాడుగా బ్రాక్ పర్డీ పేరు పిలిచారు. రెండేళ్ళు తిరక్కుండా సూపర్ బౌల్ ఆడాడు.

నా వాదన ఆగింది మాత్రం ఫుట్‌బాల్ దగ్గర కాదు. ఆ ఎండాకాలం ఒక వాల్వు సీటు రింగు కొలిచి పాస్ రాశాను, అన్ని రీడింగులూ లిమిట్స్ లోపలే. ఆయన అటుగా వెళ్తూ ఆగి, బొటనవేలి గోరు అంచు మీద మెల్లగా తిప్పాడు. ఒకచోట వెనక్కి తెచ్చి మళ్ళీ తిప్పాడు. "ఇక్కడ" అన్నాడు. నాకేమీ కనపడలేదు. ఎయిర్ టెస్ట్‌లో నీళ్ళలో ముంచితే సరిగ్గా అక్కడి నుంచే సన్నగా బుడగలు, ఒకదాని వెనక ఒకటి. నన్ను ఎవరి ముందూ ఏమీ అనలేదు. నా చెయ్యి పట్టుకుని నా గోరు ఆ గీత మీద పెట్టాడు.

ఆ శీతాకాలం లంచ్ టైంలో ఫోన్‌లో పాత ఆటలు చూపించడం మొదలుపెట్టాడు. "బంతిని చూడకు, లైన్‌లో వాడి కాళ్ళు చూడు" అనేవాడు. పక్క నుంచి ఒకడు దూసుకొస్తుంటే మంచి టాకిల్ (క్వార్టర్‌బ్యాక్‌కి కాపలాగా లైన్‌లో నిలబడేవాడు) మడమలు నేలకి ఎక్కువ లేవవు, చిన్న చిన్న అడుగులతో వెనక్కి జారతాడు, నడుం వంగదు. పది ఆటలు చూశాక నాకే తెలిసింది, ఎవడు ముందే భయపడి ఒక అడుగు ఎక్కువ వేస్తున్నాడో.

ఆయన రిటైరై ఏడాది దాటింది. ఈసారి డ్రాఫ్ట్ మా పిట్స్‌బర్గ్‌లోనే, 2026 ఏప్రిల్ 23 నుంచి 25 దాకా, స్టేడియం దగ్గరా నది ఒడ్డున పాయింట్ పార్కు దగ్గరా. కలిసి వెళ్దామని మెసేజ్ పెట్టాడు, వచ్చేటప్పుడు పెన్ హిల్స్ గుడి నుంచి పులిహోర తెమ్మని కూడా. ఎక్సెల్ మానలేదు, మానను. చివర ఒక కాలమ్ చేర్చాను, 'చూశాను' అని. 32 పేర్లలో ఇప్పటికి 11కి టిక్ పడింది. ఇంకా పది రోజులుంది, ఈ రాత్రి ఇంకో ఇద్దరిని చూడాలి.