చింతపిక్కలు తీసిన శనివారం

అలారం లేకుండానే నాలుగున్నరకి మెలకువ వచ్చేసింది. జీతం సరిగ్గా వచ్చినన్నాళ్ళూ ఆరైనా మంచం దిగేదాన్ని కాదు. ఇప్పుడు కళ్ళు తెరిస్తే చాలు, బుర్రలో అంకెలు మొదలు. వచ్చింది పదిహేడు వేలు, అందులో అద్దె తొమ్మిది, పిల్లాడి కాలేజీకి ఇంకా ఒక టర్మ్ ఫీజు బాకీ. పడుకుని లెక్కలేసుకునే కంటే లేచి పని చూసుకోవడం నయమని వంటింట్లోకి వెళ్తే, అత్తయ్య అప్పటికే చీకట్లో పీట మీద కూర్చుని ఉన్నారు. లైటెందుకు వెయ్యలేదంటే, "వీధి లైటు వెలుగు పడతంది కదే, సరిపోద్ది" అన్నారు.

మా ఆయన కంపెనీలో అక్టోబరు నుంచి సగం జీతాలే. ఆర్డర్లు రాగానే మిగతాది కలిపి ఇస్తామంటున్నారట. మానేసి వేరే చోట చూసుకోమందామంటే, యాభై దాటినవాడికి ఎవరిస్తారు అని ఆయన భయం. ఆ మాట ఎత్తడం నేను మానేశాను. ఎత్తిన రోజు ఆయన అన్నం సగంలో లేచిపోతున్నారు.

పొద్దున్న తరవాణి. అత్తయ్యది చీపురుపల్లి దగ్గర పల్లె. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ వంటింట్లో తరవాణి కుండ లేని రోజు లేదట. విశాఖ వచ్చాక అద్దె ఇల్లు మారినప్పుడల్లా ఆ కుండ పగలడం, ఇంకోటి కొనడం. వార్చిన గంజి, కాసిని నీళ్ళు అందులో పోస్తూ ఉంటే రెండు మూడు రోజులకి పులుస్తుంది. రాత్రి మిగిలిన అన్నం అందులో వేస్తే తెల్లారేసరికి పుల్లగా, చల్లగా తయారు. ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఉంటే ఇంకేం అక్కర్లేదు. నేను ఏలూరు నుంచి వచ్చినదాన్ని, మాకు పొద్దున్నే ఇడ్లీ, పెసరట్టు. కొత్తలో ఆ పులుపు వాసనకి ముక్కు మూసుకునేదాన్ని. ఇంటికెవరైనా వస్తే కుండ మీద తువ్వాలు కప్పేదాన్ని, అది మాది కాదన్నట్టు. ఇప్పుడు నలుగురికీ అదే టిఫిను. ఖర్చు సంగతి అలా ఉంచితే, పదకొండింటికి ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలన్న యావ పోయింది.

కాకపోతే ఒక చిక్కుంది. గంజి కావాలంటే అన్నం వార్చాలి, వార్చాలంటే విడి గిన్నెలో వండాలి, దానికి కుక్కర్ కంటే గ్యాస్ ఎక్కువ అవుతుంది. దీని మీద డిసెంబర్లో మా ఇద్దరికీ వారం రోజులు నడిచింది. గంజి చద్దికీ పనికొస్తుంది, నూలు చీరలకీ పనికొస్తుంది అని ఆవిడ. సిలిండర్ ఊరికే రాదని నేను. చివరికి ఒడంబడిక: వారానికి రెండు రోజులు వార్పు, మిగతా రోజులు కుక్కర్లో అన్నం, పప్పు, కూర ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి. కూతలు రాగానే స్టవ్ కట్టేసి, ఆవిరి తనంతట తను దిగేదాకా మూత జోలికి పోకూడదు. సిలిండర్ పెట్టిన తేదీ క్యాలెండర్ మీద రాస్తాను. ఇదివరకు 36 రోజులు వచ్చేది. మొన్న అయిపోయినది 49 రోజులు వచ్చింది. చూపిస్తే అత్తయ్య "మా కట్టెల పొయ్యికి ఈ గొడవే లేదు" అని ఊరుకున్నారు. ఒప్పుకోవడం ఆవిడ రక్తంలో లేదు.

ఏడింటికి కంచరపాలెం రైతు బజారుకి నడిచి వెళ్ళాం. 1999లో రైతు బజార్లు మొదలైన దగ్గర్నుంచీ అత్తయ్య బండి మీద కూర కొన్న పాపాన పోలేదు. బోర్డు మీద ధర రాసి ఉంటుంది కాబట్టి బేరం లేదు, ఆవిడ ప్రతాపమంతా ఏరడంలోనే. ఆనపకాయని గోటితో గిచ్చి చూస్తారు, బీరకాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు. గింజ ఆడితే ముదురట. తోటకూర వేళ్ళతో ఉన్న కట్టే తీసుకుంటారు. ఆకు కోసుకున్నాక ఆ వేళ్ళని డాబా మీద పాత పెయింటు డబ్బాల్లో పాతుతారు, మళ్ళీ చిగురేస్తుంది. బీరకాయ కూరకి, పొట్టు పచ్చడికి. ఆనపకాయ పులుసులోకి, తొక్కు వేయించి రోట్లోకి. 140 రూపాయలకి నాలుగు రోజుల కూరలు వచ్చాయి.

అక్కడి నుంచి బస్సెక్కి పూర్ణా మార్కెట్‌కి. 2025 ఆగస్టు 15 నుంచి సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ డబ్బులు లేవు కదా. కండక్టర్ సున్నా వేసిన టికెట్ చింపి ఇస్తే అత్తయ్య దాన్ని కూడా మడిచి పర్సులో పెట్టుకుంటారు. ఎందుకంటే చెప్పరు. మొదట్లో ఈ ఉచిత బస్సు ఎక్కాలంటే నాకు అదోలా ఉండేది. ఇప్పుడు ఆధార్ కార్డు ఇంటి తాళాలతో పాటే చేతిలో ఉంటుంది.

పూర్ణా మార్కెట్‌కి వెళ్ళింది చింతపండు కోసం. పాడేరు, అరకు వైపు నుంచి కొత్త చింతపండు దిగే రోజులివి. ఇప్పుడు కొని ఎండబెట్టి దాచుకుంటే మళ్ళీ ఏడాది దాకా చూసుకోనక్కర్లేదు. పిక్క తీసినది కిలో 160, పిక్కతో ఉన్నది 90 చెప్పాడు. డెబ్భై రూపాయల తేడా చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. పిక్కతో ఉన్నదే అయిదు కిలోలు తీసుకున్నాం.

మధ్యాహ్నం డాబా మీద నీడ చూసుకుని, పాత చీర పరిచి కూర్చున్నాం. ఆ చీరకి ఒక కథ ఉంది కానీ ఇప్పుడు రాస్తే తెల్లారిపోతుంది. రోకలిబండతో ఒక్కొక్క కాయనీ చిన్నగా కొట్టి, వేలితో విప్పి, పిక్క ఒక పక్కకి, ఈనె ఒక పక్కకి. గట్టిగా కొడితే పిక్క పగిలి ముక్క లోపలే ఉండిపోతుంది, తరవాత చారులో పంటి కింద పడుతుంది. మెల్లగా కొడితే విడదు. అత్తయ్య చెయ్యి ఒక తాళంలో పడి ఆడుతుంటే నేను రెండు కాయలు కొట్టేలోగా ఆవిడ అయిదు కానిచ్చారు. నిన్న సగం, ఇవాళ సగం. అయ్యేసరికి నా బొటనవేలు గోరు కింద మంట, వేళ్ళు నల్లగా అయిపోయాయి.

పని అయ్యాక తూకం వేశాను. అయిదు కిలోలకి పండు 3 కిలోల 100 గ్రాములు. అంటే 450 రూపాయలని 3.1తో భాగిస్తే కిలో 145 పడింది. కొట్లో ఉన్నది 160. మొత్తం మీద మిగిలింది 46 రూపాయలు. రెండు మధ్యాహ్నాలు, ఇద్దరు ఆడవాళ్ళు, ఒక గోరు. లెక్క చెప్తే అత్తయ్య పిక్కలు చేటలోకి ఎత్తుతూ, "ఆ రెండు మజ్జాన్నాలూ టీవీ ముందు కూకోలేదు కదేటి, ఆ కరెంటు కూడా కలుపు" అన్నారు. నాకు నవ్వొచ్చింది గానీ వచ్చే ఏడాది మాత్రం పిక్క తీసినదే కొంటాను. పొదుపులో కొంత లెక్క, కొంత అలవాటు, కొంత ఉత్త మొండితనం. ఏది ఏదో విడదీయడానికి నాకీ నాలుగు నెలలు పట్టింది.

కరెంటు విషయంలో మాత్రం అలవాటు కాదు, లెక్కే. మన దగ్గర యూనిట్ ధర మెట్లు మెట్లుగా ఉంటుంది: మొదటి 30 యూనిట్లకి 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, అది దాటితే 8.75. అందుకని తగ్గించినప్పుడు ముందు పోయేది పై మెట్టు మీది ఖరీదైన యూనిట్లే. అక్టోబరు బిల్లులో 263 ఉంటే ఈసారి 182. ఆ 81 యూనిట్లకే 590 రూపాయలు, మిగతా చార్జీలు వేరే. చలికాలం సాయం కూడా ఉందనుకోండి, ఏసీ అక్కర్లేదు. మాది 2000 వాట్ల గీజరు, అరగంట వేస్తే ఒక యూనిట్. దాని స్విచ్ మీద అత్తయ్య ప్లాస్టరు అతికించేశారు. పొద్దున్న డాబా మీద ఎండలో రెండు బిందెలు పెడితే సాయంత్రానికి నీళ్ళు వేడెక్కుతాయి. పిల్లాడి గదిలో లైటు, ఫ్యాను జోలికి మాత్రం పోలేదు. వచ్చే నెలలో వాడికి ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కూడా మమ్మల్ని నిలబెట్టింది అత్తయ్య జాడీలే. కరెంటు లేదు, కుళాయి లేదు, పాలు దొరకలేదు. ఆవిడ దాచిన గుమ్మడి వడియాలు, మాగాయ, కందిపప్పుతో రోజులు గడిచాయి. పక్కింటి వాళ్ళకి కూడా పెట్టారు. కరెంటు వచ్చిన మర్నాడే నేను పెద్ద ఫ్రిజ్ కొందామన్నాను. అప్పుడు జీతం వస్తోంది మరి.

సాయంత్రం జరిగింది రాయాలా వద్దా అని పెన్ను పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. రాస్తున్నాను.

చింతపండుకి ఉప్పు కలిపి జాడీలో తొక్కాక మూతికి గుడ్డ కట్టాలి. తాడు కోసం అత్తయ్య డబ్బా తీశాను. కిరాణా పొట్లాలకి వచ్చిన దారాలన్నీ ఉండలా చుట్టి పాత డాల్డా డబ్బాలో దాస్తారు. ఉండ కింద క్యాలెండర్ కాగితం పొట్లం. విప్పితే తెల్లటి మాత్ర ముక్కలు. సగం సగం. అంచు నున్నగా లేదు, బ్లేడుతో కోసినట్టుంది. పన్నెండు ముక్కలు లెక్కపెట్టాను. అవి ఆవిడ బీపీ మాత్రలు.

అడిగితే ముందు మాట దాటేశారు. తరవాత, "సగం ఏసుకున్నా ఏటీ కాలేదే. తల కూడా తిరగలేదు. నెలకి ఒక పత్తా మిగులుతంది కదా అని" అన్నారు. సంక్రాంతి ముందు నుంచీ ఇదే పని. నాకు కోపం వచ్చింది, ఆ కోపం ఎవరి మీదో తెలియలేదు. గీజరు మానేసినందుకు, సున్నా టికెట్ కోసం బస్సుకి నలభై నిమిషాలు నిలబడినందుకు నేను మెచ్చుకున్న ప్రతిసారీ ఆవిడకి ఇంకాస్త హుషారు వచ్చి ఉంటుంది. క్యాలెండర్ మీద 49 రోజులని రాసి చూపించింది నేనే కదా.

మా వీధి చివర పట్టణ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాను. రానని గుమ్మం పట్టుకున్నారు. "డబ్బులు తీసుకోరు" అన్నాక చెప్పులేసుకున్నారు. నర్సు బీపీ చూసి 170/100 అంది, రెండోసారి చూసినా అంతే. మాత్ర సగం చెయ్యడమేమిటమ్మా, డాక్టరు చెప్పకుండా మానకూడదు, తగ్గించకూడదు అని గట్టిగానే కేకలేసింది. నేను నోరెత్తలేదు. డాక్టరు రాసిచ్చిన మాత్రలు దారిలో జన ఔషధి షాపులో తీసుకున్నాం. పేరు వేరు, మందు అదే. ఇదివరకు పెట్టేదాంట్లో మూడో వంతు కూడా అవ్వలేదు. బిల్లు చూసి అత్తయ్య, "ఇంత చవగ్గా వస్తే పనిచేస్తదా" అని అనుమానపడ్డారు. అంతా చవగ్గా కావాలి, చవగ్గా వస్తే మళ్ళీ నమ్మరు!

రాత్రి భోజనాలయ్యాక లెక్కల పుస్తకం తీశాను. పిల్లాడి పాత నోట్సులో మిగిలిన తెల్లకాగితాలు కుట్టి చేసుకున్నదే. కూరలు 140. చింతపండు నిన్నటి పేజీలో లేదు, ఇవాళ తెచ్చినట్టే రాసుకున్నా... కాదు, మార్కెట్‌కి వెళ్ళింది నిన్న. రెండు రోజులూ కలిసిపోయి ఇవాళే అన్నీ అయినట్టు రాసేశాను పైన. సరే, రెండు రోజులదీ కలిపి: చింతపండు 450, రాళ్ళుప్పు 20, పాలు, మాత్రలు. పోపుల డబ్బాలో ఉన్నది లెక్కపెట్టాను. ఇరవై రూపాయలు తక్కువ. మళ్ళీ కూడాను. మళ్ళీ ఇరవై తక్కువ.

చిల్లర నేలమీద పోసి మూడోసారి లెక్కపెడుతుంటే మా ఆయన కుర్చీలో కదిలారు. సాయంత్రం కంపెనీ బస్సు దిగి ఎప్పటికంటే అరగంట ఆలస్యంగా వచ్చారు. టీ తాగుతారా అంటే వద్దన్నారు. చొక్కా మీద పుణుగుల నూనె మరక చిన్నది, ఉతకడానికి వేసినప్పుడు చూశాను. ఏదో చెప్పబోయి గొంతు సవరించుకున్నారు.

అత్తయ్య మంచం మీద నుంచి, కళ్ళు తెరవకుండానే, "ఎందుకే ఆ ఎతుకులాట. ఇతరాలు అని రాసెయ్" అన్నారు.

రాశాను. ఇతరాలు: 20.