చెవికి వినిపించింది, కాలికి తెలియలేదు

ఆ రోజు మూడో పీరియడ్‌లో పాఠం చెబుతూ అటూ ఇటూ నడుస్తుంటే నా కుడికాలి చెప్పు టక్ టక్‌మని చప్పుడు చేస్తోంది. ముందు బెంచీ పిల్లలు కిందికి చూశారు. ఏదో గుచ్చుకుని ఉంటుందిలే, తర్వాత చూద్దాం అనుకున్నాను. ఇంకో నాలుగు పీరియడ్లు అలాగే నడిచాను. మెట్లు ఎక్కాను, దిగాను. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పు విడవబోతే అది పాదాన్ని వదల్లేదు. చేత్తో పట్టి లాగాల్సి వచ్చింది. తిప్పి చూస్తే నోటీసు బోర్డుకి గుచ్చే పిన్ను. అరిగిపోయిన చెప్పులోంచి పైకి దూసుకొచ్చి, బొటనవేలి మొదట్లో అరికాలి మెత్తదనంలో దిగి ఉంది. చెప్పు లోపల రక్తం నల్లగా ఎండి అట్టకట్టింది.

నొప్పి లేదు. కొంచెం కూడా లేదు. పొద్దున్నుంచీ ఆ పిన్ను మీదే నడిచాను. చప్పుడు నా చెవికి వినిపించింది గానీ కాలికి తెలియలేదు.

అప్పటికి నాకు షుగర్ అని తెలిసి ఏడేళ్లు. అయినా ఆ సాయంత్రం నాకు వచ్చిన ఆలోచన ఏమిటంటే, నొప్పి లేదు కాబట్టి పెద్ద దెబ్బ కాదని. కడుక్కుని, ప్లాస్టర్ వేసుకుని మర్నాడు బడికి వెళ్లిపోయాను.

తొమ్మిదో రోజున మావారు గచ్చు మీద తడి మచ్చలు చూశారు. నేను నడిచిన దారంతా, ఒక్క కుడికాలివే. “ఏదీ, నీ కాలు చూపించు” అన్నారు. ప్లాస్టర్ తీస్తే చుట్టూ చర్మం తెల్లగా నాని ఉంది, మధ్యలో చిన్న గుంట, దాంట్లోంచి చీము. పాదం పైభాగం ఎర్రగా వాచింది. వాసన కూడా వచ్చింది. అంత జరిగినా నాకు నొప్పి లేదు. ఆయన ముఖం చూశాకే నాకు భయం వేసింది.

డాక్టర్ గారు పుండు చూడకముందే రెండు పాదాల మీదా వేళ్లు పెట్టి నాడి వెతికారు. రక్తం కిందిదాకా వస్తోందా లేదా అన్నది ముందు తేలాలట. వస్తోంది. తర్వాత ఎక్స్‌రే తీయించారు, ఇన్ఫెక్షన్ ఎముకదాకా పాకిందేమోనని. పాకలేదు. ఆ రెండు మాటలూ విన్నాక గానీ నేను సరిగ్గా ఊపిరి తీసుకోలేదు.

అప్పుడు ఆవిడ సన్నటి నైలాన్ దారం ఒకటి తీశారు. చిన్న పిడికి బిగించి ఉంది. పది గ్రాముల ఒత్తిడికి వంగేలా తయారుచేస్తారట దాన్ని. ముందు నా ముంజేతి మీద ఆనించి, “ఇలా ఉంటుందమ్మా. ఇప్పుడు కళ్లు మూసుకోండి. పాదానికి తగిలినప్పుడల్లా ‘ఆ’ అనండి” అన్నారు. కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోంది. మావారి ఊపిరి వినిపిస్తోంది. ఎంతసేపటికీ ఏమీ తగలకపోయేసరికి, “మొదలుపెట్టారా డాక్టర్ గారూ?” అని అడిగాను.

“కుడి పాదం అయిపోయిందమ్మా” అన్నారు.

పుండు కంటే ఆ మాటే నన్ను ఎక్కువ కుదిపేసింది.

పాదాల్లోని నరాలు ఒంట్లోకెల్లా పొడవైనవనీ, ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే వాటి చివర్లే ముందు దెబ్బతింటాయనీ ఆవిడ చెప్పారు. కొందరికి మంటలు, తిమ్మిర్లు, రాత్రిళ్లు సూదులు గుచ్చినట్లు ఉండడంతో మొదలవుతుంది. కొందరికి ఏ బాధా లేకుండానే స్పర్శ మెల్లగా పోతుంది. మంటలు వచ్చినవాళ్లు కనీసం డాక్టర్ దగ్గరికి పరిగెత్తుతారు. నాలాంటివాళ్లు బాగానే ఉన్నామనుకుంటారు.

ఆ ఏడేళ్లూ నేను చేసింది సరిగ్గా అదే. నాకు షుగర్ బయటపడింది పిత్తాశయంలో రాళ్లకి ఆపరేషన్ చేసేముందు తీసిన రక్తపరీక్షలో. పరగడుపున 148. పరగడుపున 126 గానీ ఆ పైన గానీ ఉంటే, మరోసారి చేసినా అలాగే వస్తే, మధుమేహం అంటారు. నాకు అతిదాహం లేదు, నీరసం లేదు. రాత్రిళ్లు పదేపదే లేవడమూ లేదు. రక్తంలో చక్కెర దాదాపు 180 దాటితే గానీ మూత్రంలోకి దిగదు. అలా దిగినప్పుడే అది నీటిని వెంట లాక్కుపోయి అతిమూత్రం, అతిదాహం మొదలవుతాయి. అంతకంటే తక్కువలో ఉన్న షుగర్ ఏళ్లకేళ్లు చప్పుడు చేయకుండా ఉండిపోగలదు. ఈ సంగతి నాకు ఆ రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

మెట్‌ఫార్మిన్ మాత్రలు ఇచ్చారు. ఆరు నెలల్లో అంకెలు దిగాయి. “నార్మల్‌కి వచ్చేసింది కదా” అని మానేశాను. మాత్రల వల్లే నార్మల్‌కి వచ్చిందన్న ఆలోచన రాలేదు. మళ్లీ పెరిగితే మళ్లీ వేసుకునేదాన్ని, తగ్గితే మళ్లీ మానేసేదాన్ని. పరీక్షకి రెండు రోజుల ముందు నుంచి నోరు కట్టుకునేదాన్ని. పరగడుపు అంకె బాగా వస్తే ఆ కాగితం ఇంట్లో అందరికీ చూపించేదాన్ని. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష మాత్రం ఏదో ఒక వంక పెట్టి వాయిదా వేశాను. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, అన్నాళ్లూ దానికి అంటుకున్న చక్కెరనే ఈ పరీక్ష కొలుస్తుంది. రెండు రోజుల ఉపవాసం దాన్ని మార్చలేదు. పరీక్షల ముందు రాత్రి మాత్రమే చదివే పిల్లల్ని ఏళ్ల తరబడి మందలించిన దాన్ని నేను.

ఆ ఏడేళ్లలో నేను చూపించుకున్న చోట కూడా ఎవరూ ఒక్కసారైనా చెప్పులు విప్పమనలేదు. అంకె చూసి, చీటీ రాసి పంపేవారు. నాకు అడగాలని తెలియలేదు. ఈ బాధ ఇప్పటికీ నాలో ఉంది. షుగర్ ఉన్నవాళ్ల పాదాల్ని ఏడాదికోసారైనా ఆ దారంతో పరీక్షించాలి. రెండు నిమిషాల పని.

పుండుతో వెళ్లిన రోజు నా హెచ్‌బీఏ1సీ 10.4. మామూలు మనిషికి 5.7 లోపు ఉంటుంది, 6.5 నుంచి మధుమేహం లెక్క.

వైద్యం పదకొండు వారాలు పట్టింది. చచ్చిన చర్మాన్ని, పుండు చుట్టూ కట్టిన ఆనెని బ్లేడుతో గీకి తీసేవారు. మత్తు ఇవ్వకుండానే. నాకు తెలియదు కదా. బ్లేడు ఆడుతుంటే కళ్లతో చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో చెప్పలేను. యాంటీబయాటిక్స్ వాడారు. అన్నిటికంటే ముఖ్యమని ఆవిడ పదేపదే చెప్పింది మాత్రం ఆ చోట బరువు పడకూడదని. మోకాలిదాకా వచ్చే ప్రత్యేకమైన బూటు వేశారు, ఒత్తిడి పుండు మీద కాకుండా కాలంతటికీ పంచేలా. స్పర్శ ఉన్న మనిషి పుండుపడితే తనకి తెలియకుండానే కుంటుతాడు, ఆ కుంటడమే పుండుని కాపాడుతుంది. నాకు ఆ కుంటు లేదు. దాని బదులు ఆ బూటు. “బాత్రూమ్‌కి నాలుగడుగులే కదా అని అది లేకుండా వెళ్లకండమ్మా. పగలంతా మానింది ఆ నాలుగడుగుల్లో రేగిపోతుంది” అన్నారు. నేను వెళ్లలేదు. ఒక్కసారి కూడా.

ఇన్సులిన్ అనగానే మాత్రం ఏడ్చేశాను. ఇక ఆఖరి మెట్టుకి వచ్చేశానని అనిపించింది. ఈ మాట చాలామంది దగ్గర విన్నాను, అందుకే రాస్తున్నాను. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు పరిశోధకులు ఇన్సులిన్‌ని వేరుచేశారు. 1922 జనవరిలో మధుమేహంతో ఉన్న లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఎక్కించారు. అంతకుముందు అలాంటి పిల్లలకి కడుపు మాడ్చడం తప్ప వైద్యమే లేదు, ఆ తిండి కోత కూడా కొద్దికాలమే బతికించేది. ఆ కుర్రాడు ఇంకో 13 ఏళ్లు బతికాడు. బాంటింగ్ పుట్టినరోజు నవంబర్ 14నే ప్రపంచ మధుమేహ దినంగా జరుపుతున్నారు. ప్రాణం పోయడానికి పుట్టిన మందుని చూసి నేను భయపడ్డాను. సూది సన్నగా వెంట్రుకలా ఉంటుంది. మూడో రోజుకి అలవాటైపోయింది. పుండు మానాక కొన్ని నెలలకి డాక్టర్ గారే ఇన్సులిన్ తగ్గించి, చివరికి మాత్రలకి మార్చారు. అందరికీ అలా కుదరదు, కొందరికి జీవితాంతం కావాలి. అదీ ఓటమి కాదు.

ఇన్సులిన్ వాడే రోజుల్లో ఒకసారి షుగర్ పడిపోయింది. బోర్డు మీద రాస్తుంటే అక్షరాలు కిందికి జారుతున్నాయి. చేయి వణుకుతోంది, చల్లటి చెమట. ఒక పాప లేచి “టీచర్, మీరు కూర్చోండి” అంది. మీటర్లో చూస్తే 54. 70 కంటే తగ్గగానే జాగ్రత్తపడాలి. 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూసుకోవాలని నేర్పారు, అలాగే చేశాను. ఇప్పటికీ గ్లూకోజ్ బిళ్లలు లేకుండా గడప దాటను.

పాదం సంగతి బయటపడ్డాక మిగతావీ చూపించారు. కంటి పాపని పెద్దది చేసి రెటీనా చూస్తే అక్కడక్కడా చిన్న రక్తపు చుక్కలు. చూపు మాత్రం బాగానే ఉంది. ఆ దశలో ఎవరికీ తేడా తెలియదట. తెలిసేనాటికి చాలా నష్టం జరిగి ఉంటుంది. అందుకే చూపు బాగున్నా ఏడాదికోసారి చూపించుకోవాలి. అంతకుముందు ఏడాదిలో రెండుసార్లు కళ్లద్దాలు మార్చాను, షుగర్ హెచ్చుతగ్గులకి కంటి కటకం ఉబ్బి పవర్ మారుతుందని అప్పుడు తెలియక. కిడ్నీల కోసం మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ చూసే పరీక్ష బాగానే వచ్చింది. కిడ్నీ కూడా మొదట్లో నోరు విప్పదు. గుండె మాట వింటే ఒళ్లు జలదరించింది. నరాలు దెబ్బతిన్నవాళ్లకి గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి రాకపోవచ్చు, ఆయాసం, చెమట, అకారణమైన నీరసం అంతే ఉండొచ్చు అన్నారు. పిన్ను పాదంలో దిగిన రోజే గుర్తొచ్చింది.

ఇప్పుడు నా హెచ్‌బీఏ1సీ 6.8. పాదంలో పోయిన స్పర్శ తిరిగి రాలేదు, వస్తుందన్న ఆశ కూడా డాక్టర్ గారు పెట్టలేదు. రాత్రి పడుకునే ముందు నేల మీద చిన్న అద్దం పెట్టి రెండు అరికాళ్లూ చూసుకుంటాను. వేళ్ల సందులు విడదీసి చూస్తాను, తడి ఉంటే తుడుస్తాను. చెప్పులు తొడిగేముందు దులిపి, లోపల చేత్తో తడుముతాను. వేడినీళ్లని మోచేత్తో చూసుకుంటాను, కాలితో చూసుకునే రోజులు పోయాయి. ఇంట్లో కూడా ఉత్త కాళ్లతో నడవను. భోజనం కాగానే పదిహేను నిమిషాలు నడుస్తాను. కండరాలు కదిలితే రక్తంలోని చక్కెరని అవి లాక్కుంటాయి, మీటర్లో ఆ తేడా కళ్లారా చూశాను. ఈ పనుల్లో ఏదీ కష్టం కాదు. రోజూ చేయడమే కష్టం.

బడిలో ఎవరైనా షుగర్ ఉందని అంటే మొదట అంకె అడగడం మానేశాను. “చివరిసారి మీ పాదాలు ఎవరు చూశారు?” అని అడుగుతాను. చాలామంది నావైపు అర్థం కానట్టు చూస్తారు.

మా తమ్ముడికి షుగర్ వచ్చి ఐదేళ్లు. కిందటి నెల ఇంటికొచ్చాడు. “నాకేం లేదక్కా, మొన్న పరగడుపున 118 వచ్చింది, హాయిగా ఉన్నాను” అన్నాడు. సరిగ్గా నా మాటలే. దారం నా దగ్గర లేదు గానీ, ఇంట్లో వేలితో చేసే పద్ధతి ఒకటుంది. మంచం మీద కూర్చోబెట్టి కళ్లు మూసుకోమన్నాను. రెండు పాదాల్లోనూ బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు. చూపుడువేలి కొసతో ఒక్కో వేలి చివర మెల్లగా ఆనించి తీసేశాను, నొక్కకుండా. “తగిలితే ఏ కాలో చెప్పరా” అన్నాను.

“కుడి” అన్నాడు. “కుడి.” కాసేపు ఆగి, “ఎడమ. ఎడమ.” అని కళ్లు మూసుకునే నవ్వుతూ కూర్చున్నాడు.

“కానివ్వు అక్కా, ఇంకా రెండున్నాయిగా” అన్నాడు.

నేను ఆరుసార్లూ తాకేశాను. మర్నాడు పొద్దున్నే ఇద్దరం డాక్టర్ గారి దగ్గరికి బయల్దేరాం.