378 నుంచి 431: సీసీఎంఏ రెండోసారి రాసి పాసయ్యాను

మొన్న మంగళవారం రాత్రి వంటగదిలో నిలబడే సీసీఎంఏ ఫలితం చూసుకున్నాను. అమెరికాలో క్లినికల్ మెడికల్ అసిస్టెంట్‌గా, అంటే క్లినిక్‌లో రక్తం తీయడం, బీపీ చూడడం లాంటి పనులకి, సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష ఇది. 431. పాసవడానికి కావాల్సింది 390. నాలుగు నెలల క్రితం ఇదే పరీక్షలో నాకు 378 వచ్చింది. ఆ 378 దగ్గర ఆగిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను, మొదటిసారే పాసైనవాళ్లకి ఇందులో కొత్తగా ఏమీ ఉండకపోవచ్చు.

నాది గుంటూరు, బీఎస్సీ మైక్రోబయాలజీ. పెళ్లయ్యాక టెక్సాస్ వచ్చాను, వర్క్ పర్మిట్ చేతికొచ్చాక ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో క్లినికల్ మెడికల్ అసిస్టెంట్ కోర్సులో చేరాను. 180 ప్రశ్నలు, మూడు గంటలు, అందులో 30కి మార్కులు లెక్కపెట్టరు, ఇవన్నీ మీకు తెలిసినవే. పరీక్షలో వచ్చిన ప్రశ్నలు బయట చెప్పకూడదు కాబట్టి అవి చెప్పను. నేను ఎక్కడ దెబ్బతిన్నానో మాత్రం చెప్తాను.

మొదటిసారి చదవక ఫెయిలవలేదు. ఈ మాట గట్టిగానే చెప్తున్నాను, ఎందుకంటే ఫెయిలయ్యాననగానే మా చుట్టాల్లో కొందరు "పిల్లాడితో ఏం చదువుతుందిలే" అన్నారు. బాబు పడుకున్నాక రోజూ పదింటి నుంచి పన్నెండున్నర దాకా కూర్చున్నాను, ఆరువందల ఫ్లాష్‌కార్డులు రాసుకున్నాను. కానీ ఇంటర్‌లో ఎలా బట్టీ పట్టానో ఇక్కడా అలాగే పట్టాను. ఆర్డర్ ఆఫ్ డ్రా, అంటే రక్తం ఏ రంగు మూత ట్యూబులో ముందు, దేనిలో తర్వాత తీయాలనే వరస, నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని: బ్లడ్ కల్చర్, లేత నీలం, ఎరుపు, బంగారు రంగు, ఆకుపచ్చ, లావెండర్, బూడిద రంగు. ప్రశ్న నేరుగా వరస అడక్కుండా ఒక పేషెంట్‌ని, ఒక తప్పు రిజల్ట్‌ని ముందు పెట్టి ఏం జరిగుంటుంది అంటే మాత్రం నాకు చేతులు ఆడలేదు. స్కోర్ రిపోర్ట్‌లో క్లినికల్ పేషెంట్ కేర్ అనే భాగంలోనే, అంటే పేషెంట్ దగ్గర నేరుగా చేసే పనుల్లోనే, అన్నిటికంటే వెనకబడ్డానని వచ్చింది. పేపర్‌లో సగానికి పైగా ఆ భాగమే కదా, అది పోతే ఇంకేం మిగులుతుంది.

మళ్లీ రాయాలంటే 30 రోజులు ఆగాలి. మొదటి వారం పుస్తకం ముట్టుకోలేదు. ఆ తర్వాత ఒక రాత్రి డైనింగ్ టేబుల్ మీద ఖాళీ ట్యూబులు వరసగా పెట్టుకుని చూస్తుంటే, ఊరి నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న మా అత్తయ్య "రంగులన్నీ బాగున్నాయి, ఏది ముందు ఏది వెనక అయితే ఏం?" అని అడిగారు. ఇంగ్లిష్‌లో కార్డు మీద రాసుకున్న వాక్యం నోటిదాకా వచ్చింది, తెలుగులో మాత్రం ఒక్క ముక్క రాలేదు. నాకు అర్థం కాలేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

అరగంట తంటాలు పడి చెప్పాను. లావెండర్ ట్యూబులో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది అత్తయ్యా, అది రక్తంలో కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, అందుకే రక్తం గడ్డకట్టదు, అది పొటాషియం లవణం కాబట్టి దాని చుక్క తర్వాతి ట్యూబులోకి వెళ్తే పొటాషియం ఎక్కువున్నట్టు, కాల్షియం తక్కువున్నట్టు రిపోర్ట్ వస్తుంది, మనిషికి ఏమీ లేకపోయినా డాక్టర్ కంగారుపడతారు అని. ఆవిడ వెంటనే "అంటే చారు గరిటె తీసుకెళ్లి పాలగిన్నెలో పెట్టినట్టన్నమాట, అంతేగా అమ్మాయ్" అన్నారు.

అంతే. ఆ రోజు నుంచి రోజుకొక టాపిక్ అత్తయ్యకి తెలుగులో చెప్పడమే నా ప్రిపరేషన్. సన్నని గొట్టం తగిలించి ఉండే బటర్‌ఫ్లై సూదితో లేత నీలం ఒక్కటే తీయాల్సి వచ్చినా ముందు ఒక ట్యూబు తీసి ఎందుకు పారేయాలి? ఆ గొట్టంలో ఉన్న గాలి మొదటి ట్యూబులోకి పోతుంది, రక్తం నిండుగా పడదు, తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ (లేత నీలం ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉండే మందు) అన్న లెక్క తప్పుతుంది. బీపీ పట్టీ చేతికి చిన్నదైతే అంకె ఎందుకు ఎక్కువ చూపిస్తుంది, ఈసీజీకి ఛాతీ మీద అంటించే ఎలక్ట్రోడ్లలో వీ3 కంటే ముందు వీ4 ఎందుకు అంటించాలి, అన్నీ ఇలాగే. ఆవిడ "ఎందుకు?" అనడం ఆపేదాకా నేను ఆపలేదు.

అనాటమీ, లా, అడ్మిన్ భాగాలు మామూలుగా చదివితే చాలు. కానీ ఫోన్ మాత్రం వేరే గదిలో పెట్టండి. రోజూ ఒకే టైముకి కూర్చోండి, పండగైనా జ్వరమైనా గంట తగ్గకూడదు. మనకి ఇక్కడ పిల్లాడిని చూసుకునే అమ్మ పక్కన ఉండదు, ఎవరూ టైమిచ్చి చదువుకోమనరు, మనమే లాక్కోవాలి. "డిగ్రీ చేసి రక్తం తీసే పనా" అనేవాళ్లకి నేను జవాబు చెప్పడం మానేశాను. ఆ రక్తం సరిగ్గా తీయకపోతే రిపోర్టే తప్పు, రిపోర్ట్ తప్పయితే మందూ తప్పే.

మన దగ్గర నుంచి వచ్చినవాళ్లు ఒకటి ముందే చూసుకోండి. ఎక్స్‌టర్న్‌షిప్‌కి, అంటే కోర్సులో భాగంగా క్లినిక్‌లో చేసే ట్రైనింగ్‌కి, ముందు టీబీ టెస్ట్ అడుగుతారు. చిన్నప్పుడు బీసీజీ (టీబీ టీకా) వేయించుకున్నాం కాబట్టి చర్మం మీద చేసే టెస్ట్ ఉత్తినే పాజిటివ్ రావచ్చు, నాకు అలాగే వచ్చి రెండు వారాలు పోయాయి. రక్తంతో చేసే టెస్ట్‌కి బీసీజీతో సంబంధం లేదు, అది చేయించుకోవచ్చేమో కాలేజీలో ముందే అడగండి. హెపటైటిస్ బి కాగితాలు లేకపోతే మూడు డోసులకి ఆరు నెలలు పట్టొచ్చు, అందుకే కోర్సులో చేరిన వారమే మొదలుపెట్టండి.

నాకు సోమవారం నుంచి డ్యూటీ, పొద్దున ఏడున్నరకి. అత్తయ్య ఇప్పటికే రెండుసార్లు అడిగారు, మొదటి రోజు ఏ ట్యూబు వాడతావో చెప్పు అని.