ఇది ఆ టొరినో కాదు

టొరినోలో ఉంటున్నానంటే చాలు, మా తమ్ముడు యువెంటస్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళావా అని మొదలుపెడతాడు. ఆ టొరినో మహానగరం ఇటలీలో ఎక్కడో ఉత్తరాన ఉందిరా నాయనా. నాది టొరినో ది సాంగ్రో, అబ్రుట్సో ప్రాంతంలో ఏడ్రియాటిక్ సముద్రం పక్కన గుట్ట మీదుండే మూడు వేల జనాభా ఊరు. సాయంత్రం ఏడు దాటితే కుక్క కూడా మొరగదు.

ఊరి పేరులోని సాంగ్రో నది పేరే. పెస్కసెరోలి వైపు కొండల్లో పుట్టి, 120 కిలోమీటర్లు పారి, మా గుట్ట దిగువన సముద్రంలో కలుస్తుంది. వ్యాన్లు, హోండా బైకులు తయారయ్యే అతెస్సా ఫ్యాక్టరీలు ఈ లోయలోనే ఉన్నాయి, వాటికి విడిభాగాలు చేసే ఒక షెడ్డులో నా పని. ఉదయం ఆరు గంటల షిఫ్టు, మూడు నెలలకోసారి కాంట్రాక్టు టెన్షన్. గోదావరి చూసిన కళ్ళకి ఈ నది పిల్లకాలువలా కనిపించి మొదట్లో నవ్వొచ్చింది. నవంబర్లో కొండల మీద వానలు పడ్డాక గానీ దాని సంగతి తెలియలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 నవంబర్లోనూ ఇదే జరిగింది. అవతలి గట్టు మీద జర్మన్లు, ఇవతల బ్రిటిష్ జనరల్ మాంట్‌గొమరీ ఎనిమిదో సైన్యం, మధ్యలో పొంగిన నది. వానలకి దాడి వాయిదా పడుతూ పోయి, చివరికి నెలాఖరులో గానీ పూర్తిగా దాటలేకపోయారు. అవతల మొజ్జగ్రోన్య ఊరి కోసం ఇళ్ళ మధ్య పోరాడింది మన ఎనిమిదో ఇండియన్ డివిజన్. ఇక్కడికొచ్చేదాకా నాకీ ముక్క తెలియదు, స్కూల్లో ఎవరూ చెప్పలేదు.

ఊరి శివార్లలో యుద్ధ స్మశానం ఉంది. 2,617 సమాధులు. అందులోనే, మతాచారం ప్రకారం దహనం చేసిన భారతీయ సైనికుల కోసం ఒక స్మారకం, ఐదు వందలకు పైగా పేర్లు. పొట్టకూటి కోసం అంత దూరం నుంచి వచ్చినవాళ్ళు, పైగా తెల్ల సిపాయి కన్నా తక్కువ జీతానికి.

మా ఇంటి ఓనరు ముసలావిడకి మొదటి దసరాకి చామంతులు తీసుకెళ్ళి ఇస్తే ముఖం మాడ్చుకుంది. ఇక్కడ చామంతి చచ్చినవాళ్ళ పువ్వట, నవంబర్ 2న సమాధుల మీదే పెడతారట. కిందటేడు అదే రోజు, మీవాళ్ళకి పెట్టు అని తనే ఒక కుండీ నా చేతిలో పెట్టింది. షిఫ్టుకి టైమవుతోంది, సైకిల్ వెనక తాడుతో కట్టుకుని వెళ్ళాను, కుండీలోని సగం మట్టి దారిలోనే ఒలికిపోయింది.