బాత్రూం తలుపు దగ్గర ఆగిపోయాను

"మేడమ్, ఇటు రండి, స్మార్ట్ బోర్డు చూపిస్తాను" అంటూ ప్లేస్కూల్ చూపిస్తున్న ఆవిడ ముందుకి నడుస్తున్నారు. నా కాళ్లు మాత్రం బాత్రూం దగ్గరే ఆగిపోయాయి.

మూడేళ్ల బాబు నిక్కరు తడుపుకుని తలుపు పక్కన నిలబడి ఏడుస్తున్నాడు. ఆయమ్మ వచ్చి వాడి ఎదురుగా కింద కూర్చుంది. "ఏం పర్లేదు నాన్నా, నీ బ్యాగులో ఇంకో నిక్కరు ఉందిగా. ఏ రంగుదో చెప్పు?" అంది.

వాడు ముక్కు ఎగబీలుస్తూ "ఎర్రది" అన్నాడు. మార్చుకుని మళ్లీ ఇసుకలోకి పరిగెత్తాడు.

పొద్దున చూసిన స్కూల్లో ఏసీ, రంగుల కుర్చీలు, అన్నీ కొత్తవే. కానీ పాతికమంది పిల్లలకి ఒక్క టీచర్. అందరి ముందూ నాలుగు గీతల నోట్‌బుక్కులు. ఒక్క పిల్ల గొంతు వినపడలేదు. "మా దగ్గర డిసిప్లిన్ బాగుంటుంది" అన్నారు. నాకు భయమేసింది.

ఈ వయసుకి ఆటే చదువని 2020 జాతీయ విద్యా విధానం చెప్తోంది. 2022లో వచ్చిన ఫౌండేషనల్ స్టేజ్ (మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల దశ) పాఠ్యప్రణాళికదీ అదే మాట. పెన్సిల్ పట్టాలంటే ముందు వేళ్లకి బలం రావాలి కదా! మట్టి పిసికితే, పూసలు గుచ్చితే వస్తుంది అది.

"ఏబీసీడీలు ఎప్పుడు మొదలుపెడతారట?" అని ఇంట్లో అత్తయ్య అడిగారు. నేను అడిగొచ్చింది వేరు: ఆ ఆయమ్మ ఎన్నాళ్లుగా ఉంది అని. ఆరేళ్లట.

రేపు మళ్లీ వెళ్తాను. ఈసారి చెప్పకుండా, పిల్లలు అన్నం తినే టైంకి.